వీపు మీది బరువు ఎక్కడ దిగుతుంది: ట్రెకింగ్ బ్యాగును అంచనా వేయడం ఎలా?

శివరాత్రి నాడు మహేంద్రగిరి బాటలో కాసేపు ఒక బండ మీద కూర్చుంటే, బరువు మోయడానికి మనిషి కనిపెట్టిన పద్ధతులు ఒక్కొక్కటిగా కళ్ళ ముందు నడిచిపోతాయి. ఒడిశాలోని గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీది భీముడి గుడికీ, కుంతి గుడికీ, యుధిష్ఠిరుడి గుడికీ ఇటు పర్లాకిమిడి నుంచి మేమూ, అటు ఆంధ్రలోని మందస వైపు నుంచి మా చుట్టాలూ ఎక్కుతాం. చుట్టకుదురు మీద మూట నిలుపుకుని చేతులు వదిలేసి నడిచే ఆడవాళ్ళు, కావిడి బద్దను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి ఆగకుండానే మార్చుకునే సవర గ్రామస్థులు, వాళ్ళ మధ్య రంగురంగుల ట్రెకింగ్ బ్యాగులతో బరంపురం కాలేజీ కుర్రవాళ్ళు కనిపిస్తారు. వీళ్ళలో ముందుగా ఆయాసపడి కూలబడేది చాలాసార్లు ఆ మూడో వర్గమే. అలవాటు లేకపోవడం అందుకు ఒక కారణమే గాని, కొంత తప్పు సంచిలోనూ, దాన్ని ఎంచుకున్న తీరులోనూ ఉంది. ఆ రెండో భాగాన్ని విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

దుకాణంలో సంచికి వేలాడే చీటీ మీద ముందు కనిపించేది లీటర్ల అంకె. పగలు వెళ్ళి సాయంత్రానికి దిగిపోయే నడకకు 20 నుంచి 30, ఒకటి రెండు రాత్రులకు 30 నుంచి 50, అంతకు మించిన ప్రయాణాలకు 50 నుంచి 70 లీటర్లు అన్నది అందరూ చెప్పే లెక్క. ఈ అంకెను ఎలా కొలుస్తారో తెలిస్తే దాని మీద మోజు కొంత తగ్గుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి పద్ధతిలో 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బంతులతో సంచిని నింపి, వాటిని కొలపాత్రలో పోసి పరిమాణం చూస్తారు. అందరూ ఈ పద్ధతినే పాటించరు. పైగా మూత లేని పక్క జేబులను కలిపి లెక్కించేవారు కొందరు, వదిలేసేవారు కొందరు. అందువల్ల రెండు కంపెనీల 40 లీటర్ల సంచులను పక్కపక్కన పెడితే, ఒకదానిలో పట్టిన దుప్పటి ఇంకోదానిలో పట్టకపోవడంలో వింతేమీ లేదు. లీటర్లు సామాను పడుతుందో లేదో మాత్రమే చెబుతాయి, ఆ సామానును వీపు భరిస్తుందో లేదో చెప్పవు.

భరించడమన్నది ఒక ఎముకతో మొదలవుతుంది. నూతి నుంచి నీళ్ళు తెచ్చే ఆడవాళ్ళు బిందెను నడుము పక్కన ఆనించేది ఏ ఎముక మీదో, మొలతాడు జారిపోకుండా ఆగేది ఏ ఎముక దగ్గరో, ట్రెకింగ్ సంచి నడుం బెల్టు కూర్చోవలసింది కూడా ఆ తుంటి ఎముక పై అంచు మీదే. భుజాల మీద పడిన బరువు వెన్నును నొక్కుతూ కిందికి దిగాలి; మెడ నుంచి భుజానికి సాగే కండరాలు దానిని గంటల తరబడి పట్టి ఉంచలేవు. తుంటి మీద పడిన బరువు మాత్రం నేరుగా తొడల్లోకి, కాళ్ళలోకి దిగుతుంది, శరీరంలో అతి పెద్ద కండరాలు అక్కడే ఉన్నాయి. కాబట్టి సంచి రూపకల్పనలో మిగతా ప్రశ్నలన్నీ ఒక్క ప్రశ్నలో కలుస్తాయి: లోపల వేసిన పది పన్నెండు కిలోలు, మధ్యలో దారి తప్పకుండా తుంటి దాకా చేరుతున్నాయా?

ఆ దారి వేసేది చట్రం. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం గొట్టాల చట్రానికి సంచిని తగిలించి, నడుం బెల్టు జోడించి అమ్మడం మొదలుపెట్టినప్పుడు జరిగింది ఇదే. బరువు బట్ట మీదుగా కాకుండా లోహం మీదుగా తుంటికి దిగింది. ఆ చట్రం బయట ఉండేది, తిన్నని బాటలో హాయిగా ఉండేది, రాళ్ళ మధ్య మాత్రం ఊగి మనిషిని పక్కకు లాగేది. 1967లో గ్రెగ్ లోవ్ చట్రాన్ని సంచి లోపలికి, వీపుకు దగ్గరగా తెచ్చాడు. ఇవాళ మన చేతికి వచ్చే పెద్ద సంచులన్నీ దాదాపు ఆ వంశానివే. వీపు పలక వెనుక గట్టి ప్లాస్టిక్ రేకు, దానిలో ఒకటి రెండు అల్యూమినియం బద్దలు, లేదా అంచు చుట్టూ తీగ చట్రం ఉంటాయి. చవక రకాల్లో ఇవేవీ ఉండవు, మందపాటి ఫోమ్ ఒక్కటే ఉంటుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఖాళీ సంచిని నేల మీద నిలబెట్టి పై అంచును అరచేతితో కిందికి నొక్కినప్పుడు అది దిండులా కుంగిపోతే, దానికి ఎంత అందమైన నడుం బెల్టు కుట్టినా ఆ బెల్టుకు బరువు చేరదు. అటువంటి సంచి చెడ్డదని కాదు. ఎనిమిది తొమ్మిది కిలోల లోపు సామానుకు అది చాలు, తేలిక కూడా. దాని మీద 60 లీటర్లని రాసి అమ్మడమే మోసం.

చట్రం ఉన్నంత మాత్రాన పని అయిపోదు, ఆ చట్రం మన వీపు పొడవుకు సరిపోవాలి. మనిషి ఎత్తును బట్టి సంచి ఎంచుకోవడం మన దగ్గర అందరూ చేసే పొరపాటు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడవు, ఇంకొకరికి వీపు పొడవు ఉండవచ్చు. తల ముందుకు వంచినప్పుడు మెడ అడుగున చేతికి తగిలే పెద్ద ఎముక దగ్గర నుంచి, రెండు చేతులూ నడుము మీద పెట్టి బొటనవేళ్ళు వెనక్కి చాపినప్పుడు వాటిని కలిపే గీత దాకా, దర్జీ టేపును వెన్ను వంపు వెంట ఆనించి కొలిస్తే వచ్చేది వీపు పొడవు. పెద్దవాళ్ళలో ఇది చాలామందికి 38 నుంచి 53 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మనంతట మనం కొలుచుకోలేం, ఇంకొకరు కావాలి.

నేను ఈ సంగతి మహేంద్రగిరి మీదే, ఆలస్యంగా తెలుసుకున్నాను. నా వీపు 43 సెంటీమీటర్లు. నేను మోసిన సంచి 50 సెంటీమీటర్ల వీపుకు తయారైనది, సర్దుబాటు లేనిది, పేరున్న కంపెనీదే. బెల్టును తుంటి ఎముక మీద బిగిస్తే భుజం పట్టీలు భుజాల మీద ఆనకుండా వేలెడు ఎత్తున గాలిలో నిలిచాయి. పట్టీలను లాగి బిగిస్తే బెల్టు పిరుదుల మీదికి జారింది. దారి పొడవునా ఈ రెండిటి మధ్య ఏదో ఒకటి ఎంచుకుంటూ ఎక్కాను. దిగేసరికి మెడ పక్కకు తిరగలేదు. పొట్టి వీపు సంచిని పొడుగు వీపు మనిషి తగిలించుకుంటే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: బెల్టు పైకి లేచి పొట్టను నొక్కుతుంది, బరువంతా మళ్ళీ భుజాలకే చేరుతుంది. ఆడవాళ్ళకని తయారుచేసే సంచుల్లో వీపు పొడవు తక్కువగా ఉండటం, పట్టీలు రొమ్ము పక్కగా వంపు తిరగడం, బెల్టు తుంటి వాలుకు తగ్గట్టు ఏటవాలుగా ఉండటం రూపకల్పనలో నిజమైన తేడాలు. ఊదా రంగు వేయడం అందులోకి రాదు. పొట్టి వీపున్న మగవాళ్ళు ఆ సంచులను ప్రయత్నించడానికి సిగ్గుపడనవసరం లేదు.

భుజం పట్టీ పై భాగం నుంచి సంచి తల వైపు వెళ్ళే ఒక సన్నని పట్టీ జత ఉంటుంది. దాని పని సంచి పై భాగాన్ని వీపు వైపు లాగి పట్టడం. అది భుజం నుంచి దాదాపు 45 డిగ్రీల కోణంలో, కనీసం 30 డిగ్రీలకు తగ్గకుండా పైకి వెళ్ళాలి. అంటే చట్రం భుజం కంటే ఎత్తుగా ఉండాలి. భుజం ఎత్తుకే ఆగిపోయిన సంచికి ఈ పట్టీని అడ్డంగా కుట్టడం అలంకారమే. ఎదురురొమ్ము మీది అడ్డ పట్టీ కంఠపు ఎముకలకు కొద్దిగా కింద ఉండాలి. భుజం పట్టీలు పక్కకు జారకుండా చూడటం వరకే దాని బాధ్యత. దానిని ఊపిరాడనంతగా బిగించేవాళ్ళను చూస్తే, నడుం బెల్టు తన పని చేయడం లేదని అర్థం చేసుకోవచ్చు.

సంచి తల వీపుకు దగ్గరగా ఉండాలని ఎందుకు పట్టుపట్టాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. పన్నెండు కిలోల సంచి గురుత్వ కేంద్రం వీపు నుంచి పది సెంటీమీటర్లు అదనంగా వెనక్కి జరిగితే పుట్టే వెనక్కి లాగే తిప్పుబలం, ఒక కిలో రాయిని 120 సెంటీమీటర్ల కర్ర చివర కట్టి వెనక్కి చాచి పట్టుకున్నదానితో సమానం. అలా ఒక నిమిషం నిలబడవచ్చు. నాలుగు గంటలు నడిచేవాడు మాత్రం దానిని సరితూచడానికి ముందుకు వంగుతాడు, నడుము నొప్పి అక్కడ మొదలవుతుంది. నీళ్ళు, బియ్యం, స్టవ్ వంటి బరువైనవి వీపుకు ఆనించి భుజపు రెక్కల ఎత్తున సర్దమని చెప్పడం ఇందుకే. రాళ్ళ మీద చేతులు ఆనించి ఎక్కవలసి వస్తే అదే బరువును ఇంకాస్త కిందికి దించాలి, లేకపోతే ఒంగినప్పుడు సంచి తల మీదుగా ముందుకు తోస్తుంది.

మరి కావిడి సంగతేమిటి? మన దేశంలో దత్తా, రామనాథన్ అనే పరిశోధకులు 1971లో ప్రచురించిన అధ్యయనంలో బరువు మోసే ఏడు పద్ధతులను సమతల నేల మీద పోల్చి, ఒక్కొక్కదానికి శరీరం ఖర్చు పెట్టే శక్తిని కొలిచారు. ముందూ వెనుకా సమంగా పంచిన జంట సంచికి ఖర్చు అన్నిటికంటే తక్కువ, చేతులతో పట్టుకుని మోయడానికి అన్నిటికంటే ఎక్కువ. తలమోత జంట సంచికి దగ్గరగా నిలిచింది, వీపు సంచి దాని తర్వాత, కావిడి ఇంకా వెనుక. మన చుట్టకుదురు ముందు ఖరీదైన సంచి వెనుకబడటం చూసి నాకు ముచ్చటేసింది గాని, ఆ కొలత సమతల నేల మీదిదని మరచిపోకూడదు. జంట సంచి ఎంత తక్కువ శ్రమతో మోయనిచ్చినా రాళ్ళ బాటలో మన పాదాలను మనకే కనపడనివ్వదు. తలమోతకు చిన్ననాటి నుంచీ అలవాటైన మెడ కావాలి. చేతులకు పని పడిన చోట కావిడి ఒక చేతిని మింగేస్తుంది. వీపు సంచి గెలిచేది శక్తి పొదుపులో కాదు, చేతులనూ చూపునూ ఖాళీగా ఉంచడంలో. ఆ ఖాళీని పాడుచేసే సంచి తన ఉద్దేశాన్నే పాడుచేసుకున్నట్టు.

ఎంత మోయవచ్చన్న ప్రశ్నకు పగలు వెళ్ళి వచ్చే నడకలో శరీర బరువులో పదో వంతు, రాత్రి బసలున్న ప్రయాణంలో అయిదో వంతు అన్నది వాడుకలో ఉన్న హద్దు. మన పాఠశాల సంచుల విధానం 2020లో పిల్లలకు పెట్టిన హద్దు కూడా పదో వంతే. ఖాళీ సంచి బరువును ఈ లెక్కలో కలపడం చాలామంది మరచిపోతారు. యాభై కిలోల మనిషికి అయిదో వంతు పది కిలోలు. అందులో సంచే రెండున్నర కిలోలు తింటే మిగిలేది ఏడున్నర.

ఇక మన వాతావరణానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. గజపతి, గంజాం జిల్లాల్లో చలికాలం మినహా ఎప్పుడు కొండ ఎక్కినా చొక్కా వీపుకు అతుక్కుంటుంది. ఈ సమస్యకు డాయ్‌టర్ కంపెనీ 1984లో తెచ్చిన విరుగుడు, వీపుకూ సంచికీ మధ్య బిగుతైన వలను సాగదీసి గాలికి చోటు వదలడం. తర్వాత ఎందరో దానిని అనుసరించారు. వేడికి అది నిజంగా ఉపశమనం. కాని వంపు తిరిగిన ఆ చట్రం బరువును వీపు నుంచి వెనక్కి నెడుతుంది, పైన చెప్పిన కర్ర లెక్క మళ్ళీ ముందుకొస్తుంది. ఎనిమిది కిలోల సామానుతో గుడి దాకా ఎక్కి దిగేవారికి వల సంచి మేలు. గుడారం, వంట సామాను మోస్తూ కొరాపుట్‌లోని 1,672 మీటర్ల దేవమాలి పక్క కొండల్లో రెండు రాత్రులు గడపాలనుకుంటే నేను చెమటకే సిద్ధపడతాను. గాలి, దగ్గరతనం రెండూ పూర్తిగా ఇస్తామనే ప్రకటనను నమ్మను.

నడక సంచిని వదిలి శిలారోహణ సంచి దగ్గరికి వస్తే చాలా లెక్కలు తలకిందులవుతాయి. 2014 మే 25న తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిన తర్వాత మన ఇళ్ళలో పిల్లలు భువనగిరి బండల గురించీ, ఉత్తరకాశిలో 1965లో ఏర్పడిన నెహ్రూ పర్వతారోహణ సంస్థ కోర్సుల గురించీ అడుగుతున్నారు. నడకకూ బండ ఎక్కడానికీ కలిపి ఒకే సంచి కొందామనడం ఇంటి పెద్దల సహజమైన పొదుపు. ఇక్కడే తగువు వస్తుంది. నడకలో బంగారమైన మందపాటి నడుం బెల్టు, బండ ఎక్కేటప్పుడు కట్టుకునే హార్నెస్ మీద కూర్చుని, దానికి తగిలించిన కొక్కేలను చేతికి అందకుండా కప్పేస్తుంది. అందుకే ఆరోహణ సంచులకు బెల్టు సన్నగా, లేదా విప్పి పక్కన పెట్టేట్టు ఉంటుంది. భుజం కంటే ఎత్తైన చట్రం నడకకు అవసరమని చెప్పుకున్నాం; హెల్మెట్ పెట్టుకున్న మనిషి పైన పట్టు ఎక్కడుందో చూడటానికి తల ఎత్తితే అదే చట్రం హెల్మెట్ వెనుక భాగాన్ని గుద్ది చూపును కిందికి దించుతుంది. నీళ్ళ సీసాకు పనికొచ్చే పక్క వల జేబు రాతి పగులులో ఇరుక్కుని చిరుగుతుంది. వెడల్పైన సంచి మోచేతులను వెనక్కి ఊపనివ్వదు. కనుక ఆరోహణ సంచి సన్నగా, నున్నగా, బయట వేలాడేవి లేకుండా, పైన ఒకే నోరుతో, తాడును మూత కింద బిగించే పట్టీతో, సంచిని తాడు కట్టి పైకి లాగడానికి గట్టి కుట్టున్న పిడితో ఉంటుంది. సామర్థ్యం మామూలుగా 30 నుంచి 45 లీటర్లు. దుకాణంలో అది పేదగా కనిపిస్తుంది, ఎందుకంటే దానిలో చూపించడానికి జేబులు లేవు. రెండు పనులకూ ఒకే సంచి కావాలంటే, విప్పదగిన బెల్టూ, తీసివేయదగిన మూతా ఉన్న 40 లీటర్ల ఆరోహణ సంచితో నడవడం తేలిక. 65 లీటర్ల నడక సంచితో బండ ఎక్కడం ప్రమాదం. రాజీ పడవలసి వస్తే నా మొగ్గు ఆరోహణ సంచి వైపే.

వాడకంలో సుళువు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు గాని, ఒక పరీక్ష మాత్రం వదలకూడదు. సంచిని వీపు మీద నుంచి దించకుండా నీళ్ళ సీసాను తీసి తాగి మళ్ళీ పెట్టగలగాలి. తీయడం చాలామందికి వస్తుంది, తిరిగి పెట్టడం దగ్గరే సంచి గుట్టు బయటపడుతుంది. పెట్టలేని సంచితో మనిషి నీళ్ళు తాగడం తగ్గిస్తాడు, మన ఎండల్లో అది చిన్న లోపం కాదు. వాన మొదలైతే రెయిన్‌కోటు ఎన్ని క్లిప్పులు విప్పితే చేతికి వస్తుందో కూడా లెక్కపెట్టండి. రెండుకు మించితే తడిసేది మీరే.

బట్ట విషయంలో డెనియర్ అనే మాట వినిపిస్తుంది. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 210 డెనియర్ తేలిక సంచులకు, 420 నుంచి 500 మధ్యరకానికి, 1000 మొరటు వాడకానికి. అంకె పెద్దదైతే గట్టిదని అనుకోవడం పూర్తిగా నిజం కాదు; మంచి నైలాన్ 420, నాసి పాలియెస్టర్ 600 కంటే ఎక్కువ రాపిడి ఓర్చుకుంటుంది. నిజానికి సంచులు నడిమధ్యలో చిరగవు, కుట్ల దగ్గర ఊడతాయి. సంచిని లోపలి వైపుకు తిప్పి, భుజం పట్టీ మొదట్లో అడ్డదిడ్డంగా కాక దట్టంగా వేసిన అడ్డకుట్టు ఉందో లేదో, అతుకుల అంచులకు పట్టీ చుట్టి కుట్టారో దారాలు వేలాడుతున్నాయో చూడటం ఏ అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

మన ప్రాంతంలో సంచికి అసలు శత్రువు రాయి కాదు, తేమ. నీరు చొరకుండా బట్ట లోపల పూసే పాలీయురేథేన్ పొర ఉక్కలో నెమ్మదిగా విచ్ఛిన్నమై, ముందు జిగటగా మారి, తర్వాత పుల్లని వాసనతో పొరలుగా రాలుతుంది. ఒక వానాకాలమంతా పాలిథిన్ కవరులో చుట్టి అటక మీద దాచిన సంచిని దసరాకు తీసి చూసినవారికి ఆ వాసన గుర్తుండే ఉంటుంది. కవరు తీసేసి, గాలి ఆడేచోట కొక్కేనికి వేలాడదీయడమే మందు. వాన తొడుగు మీద కూడా అతిగా ఆధారపడకూడదు. అది వెలుపలి మూడు వైపులనే కప్పుతుంది. మెడ మీదుగా జారే నీరు వీపు పలక గుండానే లోపలికి దిగుతుంది. యూరియా బస్తాకు లోపల పాలిథిన్ సంచి వేసే తెలివి ఇక్కడ పనికొస్తుంది: మందపాటి పాలిథిన్ సంచిని లోపల వేసి, అందులో బట్టలు పెట్టి, నోరు మెలిపెట్టి కడితే తొడుగు ఎగిరిపోయినా రాత్రికి పొడి దుప్పటి ఉంటుంది.

జిప్పు నంబరు దాదాపు దాని మూసిన పళ్ళ వెడల్పు మిల్లీమీటర్లలో. పెద్ద నోటికి 8 లేదా 10, చిన్న జేబుకు 5 సరిపోతాయి. జిప్పు పాడైందని మనం అనేది చాలావరకు రన్నర్ అరిగిపోవడమే, దానిని బజారులో బ్యాగులు కుట్టేవారు నిమిషాల్లో మారుస్తారు. క్లిప్పు అలా కాదు. బెల్టు క్లిప్పు కొండ మీద విరిగితే సంచి మొత్తం బరువు భుజాల మీదికి వస్తుంది. అది మామూలు కొలత, అంటే 25 లేదా 38 మిల్లీమీటర్ల పట్టీకి దొరికేదై, కుట్టు విప్పకుండా మార్చగలిగేదై ఉండటం మంచిది. ప్రత్యేక ఆకారాల క్లిప్పులు పెట్టిన సంచులను చూస్తే నాకు విడిభాగాలు దొరకని మోటారు సైకిళ్ళు గుర్తుకొస్తాయి.

మొన్న మా అక్క కొడుకు ఆన్‌లైన్‌లో రెండు సంచులు తెప్పించి, ఏది ఉంచుకోవాలో చెప్పమని వచ్చాడు. చీటీలు తెంపకుండా, రెండిటిలోనూ పాత దుప్పట్ల మధ్య అయిదేసి కిలోల బియ్యం మూటలు రెండు వీపుకు ఆనేలా పెట్టించాను. పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుం బెల్టు, ఆ తర్వాత భుజం పట్టీలు, చివరికి పై పట్టీలు బిగించమన్నాను. దుకాణాల్లో సాధారణంగా ఈ క్రమం తిరగబడుతుంది. మూడంతస్తుల మెట్లు ఒక్కొక్కదానితో అరగంట ఎక్కి దిగాడు. అయిదు నిమిషాలకు ఏమీ తెలియదు, మెత్తటి ఫోమ్ అప్పటికి హాయిగానే ఉంటుంది. అరగంటకు అది అణిగిపోయి లోపలి బద్ద వీపుకు గుచ్చుకోవడం మొదలవుతుంది. ఎక్కి దిగిన ప్రతిసారీ అతని భుజం పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూశాను. పద్నాలుగు జేబులున్న సంచికి వేళ్ళు దూరలేదు. నాలుగు జేబులున్న సంచికి సులువుగా దూరాయి.

"కాని మావయ్యా, దీనికి ల్యాప్‌టాప్ అర లేదే," అన్నాడు. పద్నాలుగు జేబుల సంచిని మర్నాడే వెనక్కి పంపాడు. ల్యాప్‌టాప్‌కు కాలేజీ సంచి ఎలాగూ ఉంది.